టోర్నమెంట్ రూల్ బుక్‌లో ‘రాజకీయాలు వద్దు’ అని రాయాలా, వద్దా?

కాకినాడ_క్లచ్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా కాలేజీ ఫెస్ట్‌లో ఏటా బీజీఎమ్ఐ (పబ్‌జీ మొబైల్ ఇండియా వెర్షన్) టోర్నమెంట్ పెడతాం. నిరుడు నేను స్ట్రీమ్ చూసుకునే బ్యాచ్‌లో ఉన్నా, పాయింట్ల టేబుల్ అప్‌డేట్ చేయడం, స్క్రీన్ మీద టీం పేర్లు ఎక్కించడం నా పని. ఫైనల్ ఇయర్ కుర్రాళ్ళ స్క్వాడ్ ఒకటి ‘రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు’ అని పేరు పెట్టుకుని రిజిస్టర్ అయింది. ఫీజు బకాయిలు రాకపోతే సర్టిఫికెట్లు ఇవ్వరేమోనని టెన్షన్‌లో ఉన్న పిల్లలు. మొదటి రెండు మ్యాచ్‌లు ఎవరూ పట్టించుకోలేదు. మూడోదాంట్లో వాళ్ళకి చికెన్ డిన్నర్ పడింది (అంటే చివరిదాకా మిగిలి గెలిచారు), పేరు స్క్రీన్ నిండా వచ్చింది, ఆడిటోరియం అంతా ఒకటే ఈలలు. రెండు నిమిషాల్లో మా కోఆర్డినేటర్‌కి పైనుంచి ఫోన్. ఆయన నా వెనక నిలబడి ‘ముందు ఆ పేరు తియ్యరా’ అన్నారు. నేను ‘టీం 14’ అని కొట్టి ఎంటర్ నొక్కా. ఈలలు ఠక్కున ఆగిపోయాయి, నాకిప్పటికీ ఆ నిశ్శబ్దమే గుర్తొస్తుంది.

తర్వాత వాళ్ళని డిస్‌క్వాలిఫై కూడా చేశారు. ఏ రూల్ కింద అని అడిగితే, రూల్ బుక్ చివరి పేజీలో నిజంగానే ఒకటుంది: నిర్వాహకుల ప్రతిష్ఠకు భంగం కలిగించినా, జనంలో ఏ వర్గాన్ని నొప్పించినా, నిర్వాహకులు తమ ఇష్టప్రకారం తీసెయ్యొచ్చు, ప్రైజ్ మనీ సున్నా చెయ్యొచ్చు అని. మా సీనియర్లు ఎప్పుడో నెట్‌లో దొరికింది తెచ్చి అతికించారట. ఆ ముక్క పట్టుకుని వెతికితే 2019లో బ్లిజార్డ్ కంపెనీ కార్డులాట హార్త్‌స్టోన్ గొడవ తగిలింది, బ్లిట్జ్‌చుంగ్ అనే ఆటగాడిది. ఇంచుమించు అవే మాటలు.

ఈసారి రూల్ బుక్ రాసే పని నా నెత్తిన పడింది. ఆ గొడవ ఫాలో అయినవాళ్ళు ఉంటే చెప్పండి, అసలేం జరిగింది, కంపెనీ చేసింది కరెక్టేనా? ఆ రూల్ ఉంచాలా, తీసెయ్యాలా?

పాత_డెక్కు:

నేను అప్పట్లో రాత్రి రెండింటిదాకా హార్త్‌స్టోన్ ఆడినవాణ్ణి, ఆ గొడవ తర్వాతే మానేశా కాబట్టి బాగా గుర్తుంది.

2019 అక్టోబర్ 6, ఆదివారం. గ్రాండ్‌మాస్టర్స్ లీగ్, ఆసియా పసిఫిక్ విభాగం. మ్యాచ్ గెలిచాక తైవాన్ చైనీస్ స్ట్రీమ్‌లో ఇంటర్వ్యూకి బ్లిట్జ్‌చుంగ్ వచ్చాడు. హాంకాంగ్ కుర్రాడు, అప్పుడక్కడ చైనా పెత్తనం మీద నిరసనలు నడుస్తున్నాయి. మొహానికి గ్యాస్ మాస్కు, కళ్ళకి గాగుల్స్. ఆ మాస్కు సంగతి చాలామంది వదిలేస్తారు గానీ అసలు విషయం అక్కడుంది: నిరసనల్లో మొహం కప్పుకోకూడదని హాంకాంగ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డరు సరిగ్గా ముందురోజు, 5వ తేదీన అమల్లోకొచ్చింది. అంటే మాట మొదలెట్టకముందే చెప్పాల్సింది చెప్పేశాడు. తర్వాత ‘హాంకాంగ్‌కి విముక్తి, ఇది మన కాలపు విప్లవం’ అన్న నినాదం, చైనీస్‌లో 8 అక్షరాలే, అది కాస్తా అనేశాడు. ఇంటర్వ్యూ చేస్తున్న ఇద్దరు కామెంటేటర్లు తలలు బల్ల కిందికి దించేశారు. నవ్వాలో భయపడాలో తెలీని వీడియో అది.

రెండు రోజుల్లో, 8వ తేదీన బ్లిజార్డ్ తీర్పు. గ్రాండ్‌మాస్టర్స్ నుంచి అవుట్, అప్పటిదాకా వచ్చిన ప్రైజ్ మనీ సున్నా, ఏడాది బ్యాన్. బల్ల కింద దూరిన ఆ ఇద్దరితోనూ ఇక పనిచేయం అన్నారు. వాళ్ళేం అన్నారని? చూపిన క్లాజు నువ్వు చెప్పిందే, 6.1 లో ‘ఓ’ అనే చిన్న ముక్క. దాంట్లో ‘రాజకీయాలు’ అన్న మాటే లేదు, గమనించావా? కంపెనీ పరువు, జనం నొప్పి, కంపెనీ ఇష్టం, ఈ మూడే. దానికిందకి ఏదైనా వస్తుంది. గోధుమపిండి గోనెసంచి లాంటి క్లాజు, ఏం పోసినా పడుతుంది.

అదే టైంలో చైనాలో వీబో (వాళ్ళ ట్విట్టర్ లాంటిది) మీద హార్త్‌స్టోన్ ఖాతా నుంచి ఇంకో ప్రకటన వచ్చింది, జరిగినదాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం, దేశ గౌరవాన్ని కాపాడతాం అనే ధోరణిలో. ఆ ఖాతా నడిపేది వాళ్ళ చైనా పార్ట్‌నర్ నెట్‌ఈజ్, అది వాళ్ళు రాసింది అని తర్వాత బ్లిజార్డ్ సర్దిచెప్పుకుంది. సరే, ఒప్పుకుందాం. మరి ఇంగ్లీషు పాఠకుడికి ‘రూలు తప్పాడు’ అని, చైనా పాఠకుడికి ‘దేశ గౌరవం’ అని చెబితే, జనం రెండూ పక్కపక్కన పెట్టి చదవరా?

చదివారు. గోల గోల అయింది. బ్రయన్ కిబ్లర్ లాంటి పేరున్న కామెంటేటర్ గ్రాండ్‌మాస్టర్స్‌కి ఇక చెప్పనని తప్పుకున్నాడు. అమెరికా సెనేటర్లు రాన్ వైడెన్, మార్కో రూబియో ట్వీట్లు పెట్టారు, వాళ్ళిద్దరివీ వేర్వేరు పార్టీలు. బ్లిజార్డ్‌దే ఇంకో ఆట ఓవర్‌వాచ్‌లో మే అని చైనా అమ్మాయి క్యారెక్టర్ ఉంటుంది, ఆమెని హాంకాంగ్ ఉద్యమానికి బొమ్మగా మార్చేశారు ఫ్యాన్స్. చివరికి ఆ వారాంతంలో బ్లిజార్డ్ ప్రెసిడెంట్ జె. అలెన్ బ్రాక్ ఉత్తరం రాశాడు: ప్రైజ్ మనీ తిరిగిస్తాం, బ్యాన్ ఏడాది కాదు ఆర్నెల్లు, కామెంటేటర్లకీ ఆర్నెల్లే. చైనాతో మా సంబంధాలకీ ఈ నిర్ణయానికీ లింకు లేదు, దీనికి వ్యతిరేక అభిప్రాయం చెప్పినా ఇదే చేసేవాళ్ళం అన్నాడు. చైనా కంపెనీ టెన్సెంట్‌కి అప్పట్లో మాతృసంస్థ ఆక్టివిజన్ బ్లిజార్డ్‌లో దాదాపు 5 శాతం వాటా ఉంది, చైనాలో సర్వర్లన్నీ నెట్‌ఈజ్ చేతిలో. నమ్మేవాళ్ళు నమ్మారు.

నీ ప్రశ్నకి నా జవాబు: క్లాజు తీసెయ్. లేదా ఏది చేయకూడదో పేరు పెట్టి రాయి.

రిఫరీ_రాజు:

పాత డెక్కు గారు కథ బాగా చెప్పారు, కానీ ఒకవైపే చెప్పారు.

నేను చిన్నా చితకా టోర్నమెంట్లు ఆరేడు నడిపాను, సొంత డబ్బు కూడా పోగొట్టుకున్నాను కాబట్టి ఎదుటి బల్ల నుంచి మాట్లాడతా. స్ట్రీమ్ ఎవరిది? కంపెనీది. మైకు ఎవరిది? కంపెనీది. కార్డులాట చూద్దామని వచ్చినవాడికి ఆట చూపించాలి. ఆ కుర్రాడు తన సొంత ఖాతాలో ఆ మాటే అనుంటే ఎవరూ ఏమీ అనకూడదు, దానికి నేనూ వస్తా జెండా పట్టుకుని. మ్యాచ్ అయ్యాక మైకు ఇస్తే అందులో అన్నాడు. అది వేరు.

క్రికెట్‌లో చూడండి. 2019 ప్రపంచకప్‌లో ధోని గ్లౌజుల మీద ఆర్మీ పారా కమాండోల బలిదాన్ బ్యాడ్జీ ఉంది, ఐసీసీ తీసెయ్యమంది. మన దేశంలో ఎంత రచ్చ చేశాం! కానీ రూల్ రూలే కదా. ధోని తర్వాతి మ్యాచ్‌కి మామూలు గ్లౌజులు వేసుకుని దిగాడు, ఆకాశం ఊడిపడలేదు.

ఇంకోటి. ఇక్కడందరికీ బ్లిట్జ్‌చుంగ్ నినాదం నచ్చింది కాబట్టి అది ‘వాక్ స్వాతంత్ర్యం’ అయింది. 2022 ఏప్రిల్ చివర్లో డోటా అనే ఆట క్వాలిఫయర్ సంగతి తెలుసా? వర్టస్ ప్రో టీంలో ఒక రష్యా కుర్రాడు మినీమ్యాప్ (స్క్రీన్ మూల ఉండే చిన్న మ్యాప్) మీద ‘జడ్’ అక్షరం గీశాడు, ఉక్రెయిన్ మీద యుద్ధానికి మద్దతు గుర్తు అది. నిర్వాహకులు టీం మొత్తాన్ని డిస్‌క్వాలిఫై చేశారు, టీం వాణ్ణి వదిలించుకుంది. అప్పుడు ఎంతమంది వాక్ స్వాతంత్ర్యం అన్నారు? నేనైతే వినలేదు. ఒక్క గీత, మినీమ్యాప్ మీద! ఏది నచ్చితే అది హక్కు, ఏది నచ్చకపోతే అది నేరం అయితే నాలాంటి నిర్వాహకుడు ఎక్కడ చావాలి? అందుకే అన్నీ వద్దు అనేదే న్యాయం. రూల్ ఉంచు తమ్ముడూ.

పాత_డెక్కు:

రాజు గారూ, ‘జడ్’ ఉదాహరణ మంచిది, ఒప్పుకుంటా, నేనూ ఆరోజు చప్పట్లు కొట్టినవాణ్ణే, కాబట్టి అది నాక్కూడా గుచ్చుకుంది.

కానీ ‘అన్నీ వద్దు’ అనే టోర్నమెంటు నాకొక్కటి చూపించండి. అదే 2022 ఫిబ్రవరిలో పోలండ్‌లోని కటోవిట్సేలో కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ ఆట పెద్ద టోర్నీ, యుద్ధం మొదలై రెండు మూడు రోజులు. ‘సింపుల్’ అనే ఉక్రెయిన్ ఆటగాడికి స్టేజీ మీద మైకు ఇచ్చారు, శాంతి గురించి మాట్లాడాడు, హాలంతా లేచి నిలబడింది. తర్వాత అదే నిర్వాహకులు రష్యా ప్రభుత్వంతో సంబంధం ఉన్నట్టున్న సంస్థల పేరుతో ఆడకూడదన్నారు, ఆటగాళ్ళు తటస్థ పేరుతో రావచ్చన్నారు. ఎపిక్ గేమ్స్ ఫోర్ట్‌నైట్‌లో రెండు వారాల ఆదాయం ఉక్రెయిన్ సహాయానికి ఇచ్చింది, 144 మిలియన్ డాలర్లు. నేను వీటిని తప్పంటం లేదు. వీళ్ళు రాజకీయం మాట్లాడతారు, ఎప్పుడు మాట్లాడాలో వాళ్ళే ఎంచుకుంటారు, అంతే. ఆటగాడు ఎంచుకుంటే మాత్రం ‘ఆట గురించే ఉండాలి’ అని గుర్తొస్తుంది.

మీ ఐసీసీ కూడా అంతే. 2020లో సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్, వెస్టిండీస్ ఆటగాళ్ళు జాతివివక్షకి వ్యతిరేకంగా మోకాలి మీద కూర్చుంటే సరే అంది. 2023లో ఉస్మాన్ ఖవాజా బూట్ల మీద ‘అన్ని ప్రాణాలూ సమానం’ అని రాసుకుంటే వద్దంది. రెండూ మానవహక్కుల మాటలే. మీరన్న రూల్ రూలేనా మరి?

ఈ_చివర_అర్వైన్:

నేను కాలిఫోర్నియాలో బ్లిజార్డ్ ఆఫీసుకి ఇరవై నిమిషాల దూరంలో ఉంటా, అందుకే ఒక ముక్క. మేమంతా ఇక్కడ సాఫ్ట్‌వేర్ గుంపు, శని ఆదివారాలు కలిసి ఓవర్‌వాచ్ ఆడేవాళ్ళం.

వాళ్ళ క్యాంపస్ మధ్యలో తోడేలు మీద కూర్చున్న ఓర్క్ (వాళ్ళ ఆటలోని రాక్షసుడు) విగ్రహం ఉంది, చుట్టూ నేలలో కంపెనీ విలువలు పలకల మీద రాసుంటాయి. తీర్పు వచ్చిన రోజు ఉద్యోగులే ‘ప్రపంచస్థాయిలో ఆలోచించు’, ‘ప్రతి గొంతూ ముఖ్యమే’ అనే రెండు పలకల మీద కాగితాలు పెట్టి టేపు వేసేశారు. గొడుగులు పట్టుకుని బయటికొచ్చి నిలబడ్డారు కొంతమంది, హాంకాంగ్‌లో గొడుగంటే నిరసన కదా, 2014 నుంచీ. ఆ ఫొటో చూసినప్పుడు నాకు కంపెనీ మీద కోపం సగం తగ్గింది, ఎందుకంటే లోపల మనలాంటివాళ్ళే ఉన్నారు, వాళ్ళకీ ఈఎంఐలు ఉంటాయి, అయినా టేపు వేశారు.

నవంబర్ 1న బ్లిజార్డ్ ఫ్యాన్స్ మేళా బ్లిజ్‌కాన్‌కి అనాహైమ్ వెళ్ళాం, టికెట్లు అంతకుముందే కొనేసి ఉన్నాం (పోవాలా వద్దా అని ఇంట్లో వారం రోజులు పంచాయితీ, చివరికి డబ్బు పోతుందని పోయాం, అంతే మన విలువలు). బయట నిరసనకారులు మే బొమ్మ ఉన్న టీషర్టులు ఊరికే పంచుతున్నారు, కొంతమంది విన్నీ ద పూ అనే కార్టూన్ ఎలుగు వేషంలో, చైనా అధ్యక్షుణ్ణి వెక్కిరించడానికి వాడే బొమ్మ అది. మా ఫ్రెండు ఒకడు ఆ టీషర్టు తీసుకుని, లోపలికి రానిస్తారో లేదోనని చొక్కా కింద వేసుకున్నాడు. లోపల చూస్తే పదిమందిలో ఒకరు అదే వేసుకుని ఫొటోలు దిగుతున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. మా వాడు చొక్కా గుండీలు విప్పుకుంటూ వచ్చాడు.

స్టేజీ మీద బ్రాక్ మొదటి మాటే క్షమాపణ. తొందరపడి నిర్ణయం తీసుకున్నాం, మీతో మాట్లాడటానికి ఆలస్యం చేశాం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టా. ఇంటికొచ్చేటప్పుడు కారులో అనుకున్నాం, హాంకాంగ్ అన్న మాట ఆయన నోట రాలేదు, శిక్ష ఇంకా తగ్గిస్తానని కూడా అనలేదు. ఆర్నెల్లు ఆర్నెల్లే. మరి క్షమాపణ దేనికి? వేగానికి!

బూత్_క్యాంపర్:

బీజీఎమ్ఐ మన దగ్గరికి వచ్చేసరికి రక్తం కూడా ఆకుపచ్చ అయిపోయింది, ఇంక మన టీం పేర్లు ఎంత 😂

కొండవీటి_కోడర్:

ఒక విషయం ఎవరూ అనలేదు. అమెరికన్ యూనివర్సిటీ కుర్రాళ్ళు ముగ్గురు, కాలేజీ హార్త్‌స్టోన్ టోర్నీలో అదే 8వ తేదీన కెమెరా ముందు ‘హాంకాంగ్‌కి స్వేచ్ఛ, బ్లిజార్డ్‌ని బహిష్కరించండి’ అని అట్ట పట్టుకున్నారు. స్ట్రీమ్ వెంటనే కోసేశారు గానీ శిక్ష వేయలేదు, పైగా తర్వాతి మ్యాచ్ షెడ్యూలు పంపారు. ఆ పిల్లలు ఏం చేశారంటే, హాంకాంగ్ వాడికి ఏడాది, మాకు ఏమీ లేదా, ఇది పక్షపాతం అని వాళ్ళే ఆటలోంచి తప్పుకున్నారు. ఆ తర్వాత వారానికి వాళ్ళకీ ఆర్నెల్లు వేశారు. శిక్ష వేయమని అడిగి వేయించుకున్నంత పని. నాకు ఈ మొత్తం గొడవలో నచ్చింది ఇదొక్కటే.

క్లచ్ బ్రో అడిగినదానికి వస్తే, నా లెక్క వేరు. రూల్ ఎలా రాశావన్నది రెండో మాట. ఎవరి చేతిలో ఏముందన్నది మొదటిది. 2020 జులైలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆట యూరప్ లీగ్ వాళ్ళు సౌదీ కొత్త నగరం ప్రాజెక్టు నియోమ్‌తో స్పాన్సర్ డీల్ ప్రకటించారు. ఆ నగరం కట్టడానికి హువైతాత్ తెగవాళ్ళని ఖాళీ చేయించడం, స్వలింగ సంపర్కుల మీద అక్కడి చట్టాలు, ఇవన్నీ పెట్టుకుని లీగ్ కామెంటేటర్లే బహిరంగంగా అడ్డం తిరిగారు. ఒక్క రోజులో డీల్ రద్దు! ఎందుకు? కామెంటేటర్లు లేకపోతే శనివారం షో లేదు. బ్లిట్జ్‌చుంగ్ ఒక్కడు, వాడు లేకపోయినా షో ఉంది.

2025 మేలో జియోగెస్సర్‌లో (ఫొటో చూసి ప్రపంచంలో ఎక్కడో కనుక్కునే ఆట) ఇంకా బాగా జరిగింది. రియాద్ ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో పాల్గొంటామని కంపెనీ చెప్పగానే, జనం ఎక్కువగా ఆడే మ్యాప్‌లు తయారుచేసిన యూజర్లు వాటిని ఆడకుండా చేసేశారు. ఆట తెరిస్తే మ్యాప్ లేదు. ఒకటి రెండు రోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గింది. అక్కడ ఎవరూ నినాదం ఇవ్వలేదు, కొట్టు మూశారు.

కానీ ఎక్కువ సంబరపడకండి. నియోమ్ డీల్ పోయిన నాలుగేళ్ళకి, 2024లో అదే లీగ్ ఆఫ్ లెజెండ్స్ రియాద్‌లో ఆడారు, ఈలోపు సౌదీ డబ్బు టోర్నీలు నడిపే కంపెనీలు ఈఎస్ఎల్‌నీ ఫేసిట్‌నీ కలిపి 1.5 బిలియన్ డాలర్లకి కొనేసింది. స్పాన్సర్ అయితే వద్దనొచ్చు, ఓనరే అయ్యాక ఎవరితో గొడవ పడతాం?

పాత_డెక్కు:

కోడర్ అన్నదానికి ఒక తోక. చైనా కోసమే ఇదంతా చేశారన్నారు కదా జనం, ఆ చైనాలో 2023 జనవరిలో నెట్‌ఈజ్‌తో ఒప్పందం కుదరక బ్లిజార్డ్ ఆటల సర్వర్లు ఆగిపోయాయి. నెట్‌ఈజ్ ఆఫీసు బయట ఉన్న, బ్లిజార్డ్ ఆట వార్‌క్రాఫ్ట్‌లోని గొడ్డలి బొమ్మని పగలగొడుతూ లైవ్ ఇచ్చారు వాళ్ళ స్టాఫు. 2024లో మళ్ళీ కలిసిపోయారనుకోండి. ఆ నినాదం మాత్రం హాంకాంగ్‌లో నేరమైపోయింది, 2021లో జాతీయ భద్రతా చట్టం కింద మొదటి కేసులో ఆ 8 అక్షరాలున్న జెండాతో బైక్ మీద పోలీసుల్లోకి దూసుకెళ్ళిన ఒకతనికి 9 ఏళ్ళు పడింది. ఆర్నెల్ల బ్యాన్ గురించి ఇంత కొట్టుకున్నాం మనం.

కాకినాడ_క్లచ్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నిన్న కూర్చుని రాశా, తిట్టదలుచుకుంటే తిట్టండి.

పరువు, నొప్పి, ‘మా ఇష్టం’ ఉన్న పాత క్లాజు తీసేశా. టీం పేర్లు రిజిస్ట్రేషన్ రోజే చూస్తాం. బూతులు, కులం, మతం మీద తిట్లు, ఒక మనిషి పేరు పెట్టి ఎగతాళి ఉంటే ఆరోజే మార్చమంటాం, ఎందుకో రాసి ఇస్తాం. ఒకసారి ఒప్పుకున్నాక టోర్నీ మధ్యలో మార్చం. ఆటలో చేసిన తప్పుకే పాయింట్లు పోతాయి, పేరుకి పోవు. గెలిచినవాళ్ళకి మైకు ఇస్తే ఒక నిమిషం వాళ్ళది. ఎవరినైనా తీసెయ్యాలంటే ముగ్గురు సంతకం పెట్టాలి, అందులో ఒకరు ఆటగాళ్ళ తరఫున.

రాజు గారు అడిగిన ‘జడ్’ లాంటిది వస్తే ఏం చేస్తావంటే, నా రూల్ ప్రకారం ఏమీ చేయలేను. రాత్రంతా దాని గురించే ఆలోచించా. ఇంకా తేలలేదు.

రిఫరీ_రాజు:

బాగానే రాశావు, సంతకాల సంగతి నాకు నచ్చింది, నేనూ కాపీ కొడతా. మైకు నిమిషం మాత్రం పశ్చాత్తాపపడతావు చూడు. కోఆర్డినేటర్ ఒప్పుకున్నాడా?

కాకినాడ_క్లచ్:

చదివి ఏమీ అనలేదు సర్. మూడో సంతకం దగ్గర పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టి ఇచ్చారు. నిరుటి టీం 14లో ఒకడు మా ఊళ్ళోనే ఉన్నాడు, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆటగాళ్ళ తరఫున సంతకానికి వాణ్ణే అడిగా. వస్తానన్నాడు గానీ, ముందు నిరుటి పాయింట్ల టేబుల్‌లో వాళ్ళ టీం పేరు మళ్ళీ పెట్టమన్నాడు. ఇందాకే పెట్టి వచ్చా.